ఒక కప్పు వేడి తేనీరు



మన ఇండ్లలో అతిథి వచ్చి కూర్చున్న అయిదు నిమిషములలో ఒక చిన్న సంభాషణ తప్పక జరుగుతుంది. "కొంచెం టీ తీసుకుంటారా?" అని ఇంటివారు అడుగుతారు. "ఎందుకండీ శ్రమ, ఇప్పుడే త్రాగి వచ్చినాను" అని అతిథి అంటారు. "మీ కోసమని కాదు లెండి, మేమూ త్రాగే వేళే" అని వంటగదిలో నుంచి సమాధానము వస్తుంది. ఈ మూడు మాటలలో నిజము ఎంతో ఎవరూ విచారించరు. వచ్చినవారు త్రాగి రాలేదు. ఇంటివారికి అది త్రాగే వేళ కాదు. అయినను మరి పది నిమిషములకు పళ్ళెములో కప్పులు వస్తవి. పెండ్లి సంబంధము మాట్లాడుట మొదలుకొని ఇచ్చిన అప్పు గుర్తు చేయుట వరకు, సంసారములోని చిక్కు పనులు ఎన్నో ఆ కప్పును చేతిలో పట్టుకొనియే జరుగుతున్నవి.

ఇంత పని చేసి పెట్టే పానీయమును మనము ఎంత అశ్రద్ధగా కాచుతున్నామో తలచుకుంటే ఆశ్చర్యము వేస్తుంది. కాఫీ విషయములో మనవారు పట్టుదల గలవారు. గింజలు ఏ తోటవి, వేయింపు ఎంత, చికోరీ పాలు ఎంత, డికాక్షను మొదటిదా రెండవదా అని వాదములు సాగించి, ఒక్కొక్కప్పుడు మాటలు మాని వేసినవారు కూడ ఉన్నారు. తేనీటి దగ్గరకు వచ్చేసరికి ఆ శ్రద్ధ అంతా ఏమవుతుందో తెలియదు. నీరు, పాలు, పొడి, పంచదార అన్నియు ఒకేసారి గిన్నెలో పడవేయుట, పొంగువరకు మరిగించుట, ఎవరో పిలిచినారని వెళ్ళి, తిరిగివచ్చి మరల మరిగించుట, వడకట్టుట - ఇంతే.

ప్రాతఃకాల ప్రసారము కొరకు తెల్లవారక ముందే కార్యాలయము చేరే మా బోటివారికి ఈ రకపు తేనీరు బాగుగా అలవాటు. ఒక శీతకాలపు ఉదయమున, అర్ధరాత్రి ఎప్పుడో కాచి ఫ్లాస్కులో పోసి ఉంచినది ఒక గుక్క త్రాగి మైకు ముందు కూర్చున్నాము. ప్రకటన చదువుటకు నోరు తెరువగా నాలుక అంగిటికి అంటుకొని పోయినది! "శుభోదయము" అనే మాటలో 'భ'కారము ఆ రోజు శ్రోతలకు దక్కలేదు. తేయాకులోని వగరు పదార్థములు మన లాలాజలములోని మాంసకృత్తులతో కలిసి ముద్దకట్టుట చేత నోరు అట్లా పిడచకట్టుకొని పోతుంది. ఆకు ఎంత ఎక్కువసేపు మరిగితే ఆ వగరు అంత ఎక్కువగా దిగుతుంది. ఈ సంగతి మాకు ఆ తరువాత తెలిసినది.

ముందు పేరు సంగతి చెప్పుకుందాము. చైనా దేశములో ఈ ఒక్క మొక్కకు ప్రాంతమును బట్టి రెండు పలుకుబడులు ఉన్నవి. దేశములోని అధిక భాగమున 'చా' అంటారు. ఆగ్నేయ తీరమున, అమోయ్ రేవు పరిసరములలో 'తే' అంటారు. ఆ రేవులతో వ్యాపారము చేసిన డచ్చివారు 'తే' అనే మాటను ఓడలలో ఐరోపాకు చేరవేసినారు. 'చా' భూమార్గమున పారశీకమునకు వచ్చి 'చాయ్' అయి, అక్కడి నుంచి మన ఉత్తరాదికి వచ్చినది. ఈ రెండు దారులూ తెలుగునాట కలిసినవి. కోస్తాలో టీ, తెలంగాణములో చాయ్. 'తేనీరు' అనే మాటలో మొదటి అక్షరము చైనా తీరానిది, తక్కినది మనది. వినగానే తేనె గుర్తుకు వచ్చుట అదనపు లాభము.

చాయ్ అన్న తరువాత హైదరాబాదు ఇరానీ హోటళ్ళను తలచకుండ ముందుకు పోవుట కష్టము. పందొమ్మిదవ శతాబ్దము చివర, ఇరువదవ శతాబ్దము తొలిరోజులలో యజ్ద్, కెర్మాన్ ప్రాంతముల నుంచి బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీయులు ఈ హోటళ్ళకు ఆద్యులు. విచిత్రమేమంటే ఇరాను దేశములో తేనీటిలో పాలు కలుపరు. సమోవారు మీద దిగిన ఎర్రని తేనీరు గాజు గ్లాసులో పోసుకొని, పలుకు చక్కెర పంటి క్రింద పట్టుకొని చప్పరిస్తారు. ఆ దేశములో తేయాకు సాగు మొదలయినది కూడ మన విత్తనముతోనే. హిందూదేశములో ఇరాను కాన్సలుగా పనిచేసిన కాషెఫ్ అల్ సల్తనే అనే ఆయన 1900 ప్రాంతమున మన కాంగ్రా లోయ నుంచి మొక్కలు తీసుకొని పోయి, కాస్పియన్ సముద్రతీరమునకు చేరువలోని లాహిజానులో నాటించినాడు. మన మొక్క వారికి, వారి హోటలు మనకు!

ఇరానీ హోటలులో డికాక్షను ఒక పాత్రలో మూతపెట్టి సన్నని సెగ మీద దమ్ముకు ఉంచుతారు. పాలు వేరొక పాత్రలో చిక్కబడువరకు కాగుతూ ఉంటవి. కప్పులో రెండును కలిసే క్షణము వరకు ఒకదాని ముఖము ఒకటి చూడవు. ఇంతసేపు ఆకు సెగ మీద ఉంటే వగరు దిగదా అని మీరు అడుగవచ్చును. దిగుతుంది. కాని చిక్కని పాలలోని మాంసకృత్తులు ఆ వగరును తమలో బంధించివేస్తవి. మన లాలాజలము జోలికి రానీయవు. ఆ హోటలువారు రసాయనశాస్త్రము చదివి ఈ పద్ధతి కనిపెట్టినారని కాదు, నాలుకను నమ్ముకున్నారు. "అన్నా, దో చాయ్, ఏక్ ఖాలీ సాసర్" అని కేకవేసి, రెండు కప్పులను ముగ్గురు పంచుకొని, ఉస్మానియా బిస్కత్తు ముంచుకొని తింటూ గంటసేపు కూర్చున్నను ఎవరూ లెమ్మనని పాలరాతి బల్లలు ఆ ఊరిలో ఇప్పుడు తగ్గిపోతున్నవి. అది వేరే ప్రసంగము.

మేము అసలు చెప్పదలచిన తేనీటిలో పాలే లేవు.

కొన్ని సంవత్సరముల క్రిందట జానపద గేయముల ధ్వనిముద్రణ కొరకు శ్రీకాకుళం జిల్లాలో వంశధారకు చేరువగా ఉన్న ఒక గ్రామమునకు వెళ్ళినాము. పాడవలసిన ఆయన పొలము నుంచి రాలేదు. చినుకులు పడుతున్నవి. ఆయన తల్లి, ఎనుబదికి దగ్గర పడిన ముదుసలి, మమ్ము అరుగు మీద కూర్చోబెట్టి, "పాలు నేవు బాబూ. ఎర్ర టీ తాగుతారేటి?" అని అడిగినది. పాలు లేవని చెప్పుటకు ఆమె నొచ్చుకున్నట్లు కనిపించినది. త్రాగుతామని చెప్పినాము, ఆమె మనసు కష్టపెట్టకూడదని మాత్రమే.

అరుగు మీద నుంచి పొయ్యి కనబడుతున్నది. గిన్నెలో అప్పటికే ఉన్న నీటిని ఆమె పెరటి మొక్కకు పోసినది. బిందెలో నుంచి క్రొత్తనీరు ముంచి పొయ్యి మీద పెట్టినది. నీరు తెర్లుతుండగా గిన్నెను క్రిందికి దింపి, పిడికిట పట్టిన ఆకును అందులో వదలి, పైన పళ్ళెము బోర్లించినది. ఆ తరువాత ఆ గిన్నె వంక చూడనే లేదు. మా పిల్లలు ఎందరు, ఏమి చదువుతున్నారు, మా ఊరిలో వానలు పడినవా అని తీరికగా అడిగినది. మా సంసారము అంతా విని, లేచి, గాజు గ్లాసులలోనికి వడకట్టి, బెల్లపు ముక్క వేసి, చివరకు రెండు ఉప్పుకల్లులు వేసినది.

దాని రంగు మోదుగపూవు రంగు. గ్లాసు అడుగు కనబడుతున్నది. మొదటి గుక్కలో బెల్లము, ఉప్పు తెలిసినవి. రెండవ గుక్కలో ఆకు తెలిసినది. ఎండిన గడ్డివాము మీద వాన పడితే వచ్చే వాసన వంటిది ఒకటి నోటిలో నిలిచినది. అన్ని సంవత్సరములుగా త్రాగుతున్న వస్తువును ఆ రోజే మొదటిసారి రుచి చూచినట్లయినది.

"ఉప్పు ఎందుకమ్మా?" అని అడిగినాము.

"చెమట్లు కార్చి పని చేసినోలకి ఉప్పు కావాల బాబూ. మా అత్తమ్మ మాట అది. ఆవిడ అస్సాం తోటల్లో పుట్టిన మనిసి. ఇది కాయడం ఆవిడే నేర్పినాది" అని చెప్పినది.

ఆ అత్తగారు అస్సాం తోటలలో ఎందుకు పుట్టినదో తెలుసుకొనవలెనంటే కొంత వెనుకకు పోవలెను. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వర్తకుడు ఎగువ అస్సాములో సింగ్ఫో జాతివారి నాయకుని కలుసుకొని, అక్కడి అడవులలో తేయాకు మొక్క సహజముగా పెరుగుతున్నదని తెలుసుకున్నాడు. సింగ్ఫోలు దానిని తరతరములుగా వాడుకుంటున్నవారే. బ్రూసుకు ఈ ఆచూకీ చెప్పిన అస్సామీయుడు మణిరాం దివాను. 1834లో గవర్నరు జనరలు బెంటింక్ ఒక సంఘమును నియమించినాడు. 1838లో కొన్ని పెట్టెల అస్సాం తేయాకు లండనుకు ఓడ ఎక్కినది; 1839 జనవరి 10వ తేదీన అందులో 8 పెట్టెలు అక్కడ వేలమున అమ్ముడయినవి. మణిరాం దివాను తరువాత స్వయముగా తోటలు వేసినాడు. తేయాకు తోట పెట్టిన మొదటి భారతీయుడు ఆయనే. 1857 తిరుగుబాటులో కుట్ర చేసినాడనే నేరముపై 1858 ఫిబ్రవరి 26న జోర్హాటులో ఆయనను ఉరితీసినారు.

తోటలు పెరిగినవి గాని ఆకు కోయుటకు మనుష్యులు చాలలేదు. ఛోటా నాగపూరు నుంచి, ఒరిస్సా నుంచి, నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి కూలీలను తీసుకొని పోయినారు. కరవు వచ్చిన ఏట దళారులకు పని సులభమయినది. ఒప్పందము మీద వ్రేలిముద్ర వేసినవాడు గడువు తీరక ముందు తోట విడిచి పోరాదు. పోతే వారంటు లేకుండగనే పట్టి తెచ్చుకొనుటకు 1865 నాటి చట్టము తోట యజమానులకు అధికారము ఇచ్చినది. ఆ అధికారము 1908 వరకు తొలగిపోలేదు. ఆ విధముగా వెళ్ళిన తెలుగువారి సంతతి ఈనాటికిని అస్సాములో ఉన్నది. కొందరి ఇండ్లలో తెలుగు నిలిచినది. కొందరు, ఆ అత్తగారి వలె, తిరిగి వచ్చినారు; వెంట తెచ్చుకొనుటకు ఏమి ఉన్నదో లేదో గాని, ఆకు కాచే పద్ధతి మాత్రము తెచ్చుకున్నారు. ఎండలో ఆకు కోసేవారికి ఉప్పు వేసిన ఎర్ర తేనీరు ఇచ్చుట అక్కడి తోటలలో పాత అలవాటు. ఆ ఉప్పు రక్తపుపోటును పెంచుతున్నదని, తగ్గించుకొనవలెనని అక్కడి వైద్యులు ఇప్పుడు హెచ్చరిస్తున్నారు. ఒక విశేషము: తేనీటిని గురించి మొట్టమొదట సమగ్ర గ్రంథము వ్రాసిన చైనా పండితుడు లూ యూ, క్రీస్తు శకము ఎనిమిదవ శతాబ్దివాడు, నీరు మొదటి కాక మీద ఉన్నప్పుడు చిటికెడు ఉప్పు వేయమని చెప్పినాడు. వంశధార ఒడ్డున ఉన్న ముదుసలికి ఆయన పేరు తెలియదు.

మన దేశములో పండిన ఆకు చాలాకాలము మనము త్రాగుటకు పండినది కాదు. 1903లో తేయాకుపై సెస్సు విధించి, ఆ ధనముతో ప్రచారము మొదలుపెట్టిన తరువాతనే ఈ అలవాటును మనకు శ్రద్ధగా నేర్పినారు. రైలు స్టేషనులలో ఏ విధముగా కాచవలెనో బొమ్మలతో పలకలు కట్టినారు. గాంధీమహాత్ముడు వలదన్నాడు, రసాయన శాస్త్రజ్ఞుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ వలదన్నాడు. ప్రజలు ఇద్దరిని గౌరవించి తేనీరు త్రాగినారు. 1947లో అన్నదా మున్షీ గీచిన ప్రచార చిత్రములో రాట్నము ప్రక్కన కూర్చున్న గృహిణి చేతిలో కప్పు ఉన్నది. తేనీరు నూటికి నూరుపాళ్ళు స్వదేశీ అని దాని సారాంశము. ఈనాడు ఏటా సుమారు 130 కోట్ల కిలోల తేయాకు మన దేశములో తయారవుతున్నది; అందులో అయిదింట నాలుగు వంతులు మనమే త్రాగివేస్తున్నాము.

ఇక కాచే విధానమునకు వద్దాము.

మొదట ఆకు. కొమ్మ చివరి మొగ్గ, దాని క్రింది రెండు లేత ఆకులు - ఇంతవరకే త్రుంచవలెను. కిలో తేయాకు తయారగుటకు నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చి ఆకు పడుతుంది. దానిని వాడబెట్టి, నలిపి, గాలి సోకించి, ఆరబెడతారు. నలిపినప్పుడు ఆకులోని రసములు గాలితో కలిసి పచ్చదనము పోయి రాగిరంగు వస్తుంది. కోసిన జామపండు ముక్క గాలికి నల్లబడుట వంటిదే ఇది. 1930 ప్రాంతమున అస్సాములోని అమ్గురి తోటలో మెకర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చించి, చుట్టివేసే యంత్రమును కల్పించినాడు. ఆవగింజల వలె గుండ్రముగా ఉండే మన అంగడి టీపొడి ఆ యంత్రపు సంతతి. అది త్వరగా రంగు ఇస్తుంది, పాలకు తట్టుకుంటుంది, గరిటెడు పొడితో ఎక్కువ కప్పులు అవుతవి. పొడవాటి ఆకుకు సుగంధము ఎక్కువ, తొందర తక్కువ. దార్జిలింగు ఆకును కొని పాలలో మరిగించేవారిని చూచినప్పుడు మాకు, పట్టుచీరతో గచ్చు కడిగేవారిని చూచినంత బాధ కలుగుతుంది.

రెండవది నీరు; మా దృష్టిలో ఇదియే మొదటిది. కొండల ఊట నీరు ఉత్తమము, నదినీరు మధ్యమము, బావినీరు అధమము అని లూ యూ నిర్ణయించినాడు. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడు అని ఆ నగరమువారు అనేవారు. చాయ్ రుచిలోను ఆ నీటికి వాటా ఉన్నదని పాతవారి నమ్మకము. గొట్టపు బావుల కఠిన జలముతో కాచిన తేనీరు మసకబారి ఉంటుంది, పైన మీగడ కాని మీగడ వంటి తెట్టు కడుతుంది. అది సున్నపు పదార్థముల వలన వచ్చినది. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో మరొక జాగ్రత్త కావలెను. కాచుట వలన ఫ్లోరైడు పోదు. పైగా తేయాకులోను కొంత ఫ్లోరైడు ఉంటుంది. అట్టి చోట మంచినీటి పథకపు నీరే వాడవలెను.

నీరు క్రొత్తగా పట్టినదై ఉండవలెను. నిన్న కాచి చల్లారినది పనికిరాదు. దానిలో రుచి చప్పబడి ఉంటుంది. ఎంతవరకు కాగవలెను? అడుగున బుడగలు చేపకన్నుల వలె కనిపించుట మొదటి దశ, అంచుల వెంబడి ముత్యాల సరముల వలె లేచుట రెండవది, అలల వలె పొర్లుట మూడవది అని లూ యూ చెప్పిన లెక్క. ఆయన త్రాగిన ఆకు వేరు. మన నల్లని తేయాకుకు మాత్రము నీరు పూర్తిగా తెర్లవలెను. ఉదకమండలములో ఇందుకు ఒక చిక్కు ఉన్నది. అంత ఎత్తున నీరు 92, 93 డిగ్రీల దగ్గరనే మరుగుతుంది. కనుక అక్కడ ఆకును ఒక నిమిషము ఎక్కువసేపు ఊరనీయవలెను.

ఎంత ఆకు, ఎంతసేపు? అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1980లో దీనికొక ప్రమాణమే ప్రకటించినది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషములు. ఇది రుచి చూచి వెలకట్టే పరీక్షకుల కొరకు చేసినది, మన కొరకు కాదు. అంతసేపు ఊరితే లోపములు కూడ బయటపడతవి. దానికి సంబంధించిన ఆంగ్ల ప్రమాణమునకు 1999లో హాస్య బహుమతి ఒకటి లభించినది. అంతకు ముందే, 1946 జనవరిలో, జార్జి ఆర్వెల్ లండను పత్రిక ఒకదానిలో మంచి తేనీటికి 11 సూత్రములు వ్రాసినాడు. ఆయన మన బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టినవాడు, 1941 నుంచి 1943 వరకు హిందూదేశమునకు ప్రసారములు చేసే బి.బి.సి. శాఖలో పనిచేసినవాడు, అనగా వృత్తిరీత్యా మాకు బంధువు. హిందూదేశపు ఆకో సింహళపు ఆకో కావలెనని, కూజాను ముందుగా వేడిచేయవలెనని, పాలు తరువాత పోయవలెనని ఆయన పట్టుదల. ఇంతవరకు మాకు సమ్మతమే. పంచదార వేయరాదన్న సూత్రమును మాత్రము తూర్పుగోదావరి జిల్లాలో చదివి వినిపించుటకు ధైర్యము చాలదు.

పాలు లేని తేనీటికి మా కొలత ఇది. కప్పు నీటికి సమముగా ఒక చెంచాడు ఆకు. తెర్లే నీరు దింపి, ఆకు వేసి, మూత పెట్టి, పొడి అయితే మూడు నిమిషములు, ఆకు అయితే నాలుగైదు. ఆ తరువాత ఆకును నీటి నుంచి తప్పక వేరుచేయవలెను. చిక్కదనము కావలసినవారు ఆకు పెంచుకొనవలెను గాని సమయము పెంచరాదు. మూతను మరువవద్దు, పరిమళము ఆవిరితో పోతుంది. ఆ ముదుసలి బోర్లించిన పళ్ళెము అందుకే. ఆమెకు గడియారము లేదు. ఇద్దరు పిల్లల చదువు, ఒక వానాకాలము - ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు పట్టేది దాదాపు నాలుగు నిమిషములే.

పాల తేనీరు మనము కనిపెట్టుకున్న వేరొక పానీయము. దానిని తక్కువ చేయము. ఇద్దరికి ఒకటిన్నర కప్పుల నీరు పెట్టి, అల్లము దంచి నీటిలోనే ముందు వేసి మరుగనీయవలెను. పచ్చి అల్లములో పాలను విరిచే గుణము ఉన్నది. మరిగితే అది నశిస్తుంది. తరువాత రెండు చెంచాల పొడి, రెండు నిమిషముల మరుగు. అప్పుడు ముందే కాచి ఉంచిన పాలు ముప్పాతిక కప్పు పోసి, ఒక పొంగు రాగానే దింపవలెను. ఏలకులు దింపిన తరువాతనే. బెల్లము వేసేవారు కప్పులో వేసుకొనుట మేలు; సెగ మీద వేస్తే పాలు విరుగవచ్చును. చల్లారినదానిని మరల కాచుట కంటె పారబోయుటలో నష్టము తక్కువ.

కొనేటప్పుడు ఒక్క పరీక్ష చేయండి. వాడిన ఆకును ఎండబెట్టి, రంగు పూసి అమ్మే దుర్మార్గము నేటికిని ఉన్నది. తెల్లని వడపోత కాగితము మీద చిటికెడు పొడి చల్లి నీరు చిలికి, కొంచెము సేపటికి కడిగివేసి కాగితమును వెలుతురులో చూడండి. మంచి పొడికి మరక దాదాపు ఉండదు. రంగు వేసినది వెంటనే కాగితమునకు అంటుతుంది. ఇనుపరజను కలిసినదేమో అయస్కాంతము చెబుతుంది. తెచ్చిన పొడిని గాలి చొరని డబ్బాలో ఉంచవలెను. తేయాకు పరుల వాసనలను తేలికగా గ్రహిస్తుంది. ఇంగువ డబ్బా ప్రక్కన ఉంచిన పొడితో కాచిన తేనీరు మేము ఒక బంధువుల ఇంట త్రాగినాము. పులిహోర జ్ఞాపకమునకు వచ్చినది.

భోజనముతో పాటు తేనీరు వలదు. పప్పులు, ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టకుండ ఈ వగరు పదార్థములు అడ్డుపడతవి. మన స్త్రీలలో రక్తహీనత ఎక్కువ. గర్భిణులకు ఇచ్చే ఇనుపమాత్రలను తేనీటితో మ్రింగితే మాత్ర చాలవరకు వృథా. భోజనమునకు, తేనీటికి మధ్య ఒక గంట అయినా ఎడము ఉండవలెను. మరిగే మరిగే తేనీరు గొంతులో పోసుకొనుట శౌర్యము అనుకునేవారు ఉన్నారు. 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయములు త్రాగుట అన్నవాహిక క్యాన్సరుకు బహుశః కారణము కాగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో తేల్చినది. సాసరులో పోసి, ఊది, జుర్రుకొనే పెద్దలను చూచి నవ్వుకున్నాము గదా, వారే తెలివిగలవారు. వెడల్పయిన సాసరులో తేనీరు తొందరగా వేడి తగ్గుతుంది. జుర్రినప్పుడు గాలితో కలిసి పరిమళము ముక్కుకు ఎక్కుతుంది. తేయాకు పరీక్షకులు కూడ జుర్రియే రుచి చూస్తారు. వారికి జీతము ఇస్తారు, మన తాతగారికి చీవాట్లు పెట్టినాము.

ఆ రోజు పాట పాడేవాడు వచ్చేసరికి సాయంత్రము అయినది. అతడు తడిసి వచ్చినాడు. తల్లి మరల గిన్నె కడిగినది. ధ్వనిముద్రణ యంత్రము అప్పటికే సిద్ధము చేసి ఉంచినాము గనుక, పాటకు ముందు పళ్ళెము బోర్లించిన చప్పుడు, "తాగరా, తల తుడుసుకోని తాగు" అన్న ఆమె గొంతు కూడ అందులో నిలిచిపోయినవి. ప్రసారము చేసేటప్పుడు ఆ భాగమును కోసివేయవలెనని నియమము. మేము కోయలేదు.

ఈ ప్రసంగము మొదలయినప్పుడు ఎవరయినా ఉత్సాహముతో పొయ్యి మీద నీరు పెట్టి ఉంటే, అది చేపకన్నులు, ముత్యాల సరములు, అలలు అన్నియు దాటి ఈపాటికి సగము ఇగిరిపోయి ఉంటుంది. దానిని మొక్కకు పోసి, క్రొత్తనీరు పెట్టుకొనండి.